నేల విడిచి సాము

డోనాల్డ్ రాస్ గీసిన గోల్ఫ్ కోర్సులో బంతి కొట్టే ముందు నేలను చూడాలి. గ్రీన్ ఏ పక్కకు వాలి ఉంది, దాని ముందు గడ్డి ఎంత పొట్టిగా కోశారు, బంతి దొర్లుకుంటూ పోతే ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ ఆగకుండా పల్లంలోకి జారుతుంది, ఇవన్నీ చూసుకుని అప్పుడు సంచిలో చెయ్యి పెట్టాలి. మా రోజుల్లో అలాగే ఆడేవాళ్లం. ఇప్పటివాళ్లు ముందు జేబులో చెయ్యి పెడుతున్నారు. లేజర్ పరికరం తీసి, కంటికి ఆనించి, జెండాకర్ర మీదికి గురిపెట్టి, అది ఏ అంకె చూపిస్తే ఆ అంకెకు సరిపోయే ఐరన్ లాగి కొట్టేస్తున్నారు.

మొన్న నాతో వచ్చిన మన కుర్రాడొకడు పైన్‌హర్స్ట్ రెండో నంబర్ కోర్సు మీద అదే పని చేశాడు.

"నూట నలభై రెండు, అంకుల్," అన్నాడు.

"దేనికి బాబూ నూట నలభై రెండు?"

"జెండాకి."

"జెండా పక్కన పడితే బంతి అక్కడే ఉంటుందా?"

నవ్వి కొట్టాడు. మంచి దెబ్బే, కాదనను. ఎత్తుగా లేచి జెండా పక్కనే పడింది. పడి, గెంతి, గ్రీన్ వెనక అంచు దాటి, నున్నటి గడ్డి మీదుగా జారి, మనిషి నడుం లోతు పల్లంలో తేలింది. "బ్యాడ్ లక్, అంకుల్" అన్నాడు. అందులో లక్కు ఏముంది? అలా వచ్చిన బంతి అక్కడికే పోవాలని రాస్ ఆ నేలను దిద్ది వెళ్లాడు. గ్రీన్ ముందు బోలెడంత జాగా ఖాళీగా వదిలింది కూడా ఆయనే. అక్కడ పడేసి దొర్లించి ఉంటే బంతి మెల్లగా ఎక్కి మధ్యలో ఆగేది. ఆ జాగా కుర్రాడి కంటికి ఆనలేదు. లేజర్ ఆ జాగాను చూపించదు మరి.

మేముండేది నార్త్ కరొలైనాలో, కేరీలో. 1970ల చివర్లో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాం. అప్పుడు కొట్టులో నలుగురు తెలుగువాళ్లు కనబడితే పండగలా ఉండేది. ఇప్పుడు వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, వీధికి పదిళ్లు మనవే ఉన్నాయి, గోల్ఫ్ ఆడే మన పిల్లలకైతే లెక్కే లేదు. ఇక్కడి నుంచి కారులో గంటంబావు వెళితే పైన్‌హర్స్ట్. ఆ చుట్టుపక్కల ఇసుక గుట్టల్లో రాస్ చేతి కోర్సులు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. పైన్‌హర్స్ట్ సరే, సదరన్ పైన్స్, మిడ్ పైన్స్, పైన్ నీడిల్స్ అన్నీ ఆయనవే. ఇంత సంపద గంట దూరంలో పెట్టుకుని దాని వంక చూడకుండా ఆడి వెళ్లిపోతున్నారే అన్నదే నా బాధ.

రాస్ 1872లో స్కాట్లండ్ ఈశాన్య తీరాన డోర్నోక్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి తాపీమేస్త్రి. కొడుకు వడ్రంగం నేర్చుకున్నాడు. తర్వాత సెయింట్ ఆండ్రూస్ వెళ్లి ఓల్డ్ టామ్ మారిస్ దగ్గర పని నేర్చుకుని మళ్లీ డోర్నోక్ వచ్చాడు. గడ్డి చూసుకోవడం, క్లబ్బులు తయారుచేయడం, ఆట నేర్పడం అన్నీ ఆయనే చేసేవాడు. సముద్రపుటొడ్డు ఇసుక నేల, ఎడతెగని గాలి, దిబ్బల మీద కూర్చున్న గ్రీన్లు. అక్కడ బంతిని ఆకాశంలోకి లేపితే గాలి ఎత్తుకుపోతుంది, నేల మీద నడిపించినవాడే ఇంటికి చేరతాడు. ఆ చదువు చదువుకున్నవాడు 1899లో బోస్టన్ దగ్గర ఓక్లీ క్లబ్బులో ఉద్యోగానికి అమెరికా వచ్చాడు. మరుసటి ఏడాదే జేమ్స్ వాకర్ టఫ్ట్స్ ఆయన్ని పైన్‌హర్స్ట్‌కు పిలిచాడు.

టఫ్ట్స్ సోడా ఫౌంటెన్ల వ్యాపారంలో గడించినవాడు. 1895లో ఇక్కడ అయిదు వేల ఎకరాల పైచిలుకు నేలను ఎకరా సుమారు ఒక డాలరుకు కొన్నాడు. పైన్ చెట్లు నరికేసి, జిగురు పిండేసుకుని, పనికిరాదని వదిలేసిన ఇసుక నేల అది. చలికాలంలో ఉత్తరాది నుంచి ఆరోగ్యం కోసం వచ్చేవాళ్లకు అక్కడ ఊరు కట్టించాడు. వచ్చినవాళ్లు పాడి ఆవులు మేసే పచ్చికలో తెల్ల బంతులు కొడుతూ ఆవుల్ని బెదరగొడుతున్నారని మాట రావడంతో గోల్ఫ్ కోర్సు ఆలోచన పుట్టిందని ఇక్కడివాళ్లు చెబుతారు. ఆ ఇసుకను చూసి రాస్ తన ఊరి నేలను గుర్తుపట్టి ఉంటాడని నా నమ్మకం. రెండో నంబర్ కోర్సు 1907లో పద్దెనిమిది హోల్స్‌తో తయారైంది. 1948లో పోయేదాకా ఆయన దాన్ని దిద్దుతూనే ఉన్నాడు. మూడో హోల్ పక్కనే ఇల్లు కట్టుకున్నాడు, పొద్దున లేస్తే కనబడేలా. దేశమంతటా నాలుగు వందల దాకా కోర్సులు ఆయన పేరు మీద ఉన్నాయి. వాటిలో కొన్ని మ్యాపులు చూసి గీసినవే, ఆయన అడుగు పెట్టనివి కూడా ఉన్నాయి. రెండో నంబర్ అలా కాదు. నలభై ఏళ్లు ఒక మనిషి ఒకే నేల మీద నడుస్తూ, ఇక్కడ కొంచెం ఎత్తు, అక్కడ కొంచెం పల్లం అంటూ సరిచేసుకున్న పని అది. దాన్ని నాలుగు గంటల్లో, అదీ కార్టులో కూర్చుని చూసేద్దామంటే ఎలా?

ఇంకో సంగతి ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు. 1935 దాకా అక్కడ గడ్డి గ్రీన్లే లేవు, ఇసుక గ్రీన్లు. నాకు అది వింతగా అనిపించలేదు. సికింద్రాబాద్ కంటోన్మెంటు వైపు పెరిగినవాణ్ని నేను. చిన్నప్పుడు కంచె అవతలి నుంచి చూసిన గోల్ఫ్‌లో గ్రీన్ అన్నది లేదు, బ్రౌన్ ఉండేది. నూనె కలిపి చదును చేసిన ఇసుక. ఆడినవాళ్లు వెళ్లాక ఒక కుర్రాడు పట్టా లాగి అడుగుజాడలు చెరిపేసేవాడు. మన దేశంలో నీళ్లు చాలని చాలా కోర్సులు అలాగే నడిచాయి. పైన్‌హర్స్ట్‌లో బెర్ముడా గడ్డి బాగా నిలదొక్కుకున్నాక, 1936 పీజీఏ పోటీ రాబోతుందనగా, రాస్, గడ్డి చూసుకునే ఫ్రాంక్ మేపుల్స్ కలిసి గ్రీన్లన్నీ మార్చేశారు. గడ్డి వచ్చాకే ఆయన గ్రీన్ల చుట్టూ ఆ ఎత్తుపల్లాలన్నీ మలిచాడు.

బోర్లించిన పళ్లెంలా ఉంటాయి ఆ గ్రీన్లు. మధ్య ఎత్తు, అంచులు వాలు. ఏళ్ల తరబడి పైన ఇసుక చల్లుతూ పోవడం వల్ల అవి రాస్ ఉద్దేశించినదానికన్నా పైకి లేచాయని వాదించేవాళ్లున్నారు. ఉండొచ్చు. కానీ అసలు గొప్పతనం గ్రీన్‌లో లేదు, దాని చుట్టూ ఉంది. అంచు దాటి జారిన బంతి పొడుగు గడ్డిలో చిక్కుకోదు. పొట్టి గడ్డి మీద, పల్లంలో, శుభ్రంగా కూర్చుని ఉంటుంది. అక్కడ ఆటగాడి ముందు నాలుగు దారులుంటాయి. వెడ్జ్‌తో లేపొచ్చు. ఏడో నంబర్ ఐరన్‌తో వాలు మొహాన కొట్టి, గెంతించి ఎక్కించొచ్చు. పట్టర్‌తో నేల మీదే తోసెయ్యొచ్చు. ఫెయిర్‌వే వుడ్‌తో చిన్నగా తట్టొచ్చు. నాలుగూ సాధ్యమే, నాలుగింటిలోనూ మోసముంది. పొడుగు గడ్డి ఉంటే ఆలోచించే పని లేదు, వెడ్జ్ తీసి తవ్వడమే. ఆలోచించి తీరాల్సిన అవసరాన్ని కల్పించడమే రాస్ పనితనం.

మేం నేర్చుకున్న రోజుల్లో మాకు నేర్పింది ఇక్కడి ముసలి కేడీలే. వెడ్జ్ తీస్తే చెయ్యి పట్టుకుని ఆపేవారు. ముందు పట్టర్, అది కుదరకపోతే ఏడో నంబర్, అదీ కుదరకపోతేనే వెడ్జ్ అని. ఒక గంటసేపు ఒకే పల్లంలో నిలబెట్టి, ఎక్కడ తగిలిస్తే ఎంత గెంతుతుందో చూపించేవారు. పెర్సిమన్ కర్రతో చేసిన డ్రైవర్లు అప్పుడు, తలకాయ పిడికిలంత. మెత్తటి బలాటా తొడుగు బంతులు, సరిగ్గా తగలకపోతే తోలు చీలినట్టు చీలేవి. నడిబొడ్డున తగలకపోతే చేతులు జిల్లుమనేవి, బంతి పక్కదారి పట్టేది. అందుకని బుర్ర ముందు నడిచేది, చెయ్యి తర్వాత. ఇప్పుడు డ్రైవర్ తలకాయ 460 ఘన సెంటీమీటర్లు. అంతకు మించకూడదని 2004లో గీత గీస్తే సరిగ్గా ఆ గీత మీదే అందరూ కూర్చున్నారు. ఎక్కడ తగిలినా తిన్నగా పోతుంది. అమెరికా వృత్తి ఆటగాళ్ల సగటు డ్రైవ్ 1980లో 257 గజాలు ఉంటే ఇప్పుడు 300 దగ్గర తచ్చాడుతోంది. రాస్ ఎక్కడో ఆలోచించి పెట్టిన బంకర్ల మీదుగా బంతి ఎగిరిపోతోంది. వాటి పని వాటికి మళ్లీ అప్పగించాలంటే టీలను వెనక్కి జరపాలి. 1999 యూఎస్ ఓపెన్‌కు రెండో నంబర్ పొడవు 7,175 గజాలు. 2014కి 7,562. పదిహేనేళ్లలో దాదాపు నాలుగు వందల గజాలు! నేల పెరగదు కదా, మనిషే దాన్ని సాగదీస్తున్నాడు. బంతి దూరం తగ్గిస్తామని గోల్ఫ్ పాలక సంఘాలు 2023 డిసెంబరులో ప్రకటిస్తే ఎంత గోల చేశారో. అందరికన్నా దూరం కొట్టేవాడికి తగ్గేది పదిహేను గజాల లోపే. నేనైతే యాభై తగ్గించమంటాను.

అయితే మా రోజుల్లో అన్నీ సవ్యంగా ఉండేవని నేను అబద్ధం చెప్పను. నేను మొదటిసారి చూసిన రెండో నంబర్ కోర్సు రాస్ వదిలి వెళ్లినది కాదు. 1970 చివర్లో టఫ్ట్స్ కుటుంబం చేతి నుంచి పైన్‌హర్స్ట్ వేరేవాళ్ల చేతికి పోయింది. టీవీలో కనబడే కోర్సులన్నీ పచ్చగా ఉంటాయి కాబట్టి ఇదీ పచ్చగా ఉండాలనుకున్నారు. ఇసుక ఉన్నచోటల్లా గడ్డి పరిచారు, నీళ్లు కొట్టారు, ఫెయిర్‌వేలు సన్నగా చేసి రెండు పక్కలా పొడుగు గడ్డి పెంచారు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అదే దారి. దేశమంతటా రాస్ కోర్సులకు అదే గతి పట్టింది. ఎక్కడ చూసినా ఫెయిర్‌వేకు రెండు పక్కలా వరసగా చెట్లు నాటారు, బంకర్లు పూడ్చారు, గ్రీన్లను గుండ్రంగా కుదించారు. అందం పేరు చెప్పి ఒక పెద్దమనిషి చేసిన పనిని కప్పెట్టేశారు. దానికి కారణం మా తరమే, మా ముందు తరమే. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

రెండో నంబర్‌ను వెనక్కి తెచ్చింది కోర్సులు గీసే బిల్ కూర్, బెన్ క్రెన్‌షా. 2010లో మొదలుపెట్టి 2011కి పూర్తిచేశారు. వాళ్లు ఎలా చేశారో చెబితే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. 1943 క్రిస్మస్ రోజున విమానం నుంచి తీసిన ఫొటోలు దొరికాయి. రాస్ బతికుండగా కోర్సు ఎలా ఉండేదో వాటిలో కనబడింది. పాత రోజుల్లో ఫెయిర్‌వే మధ్యలో ఒకే ఒక్క నీటి గొట్టం ఉండేది. ఆ గొట్టం ఎక్కడుందో వెతికి పట్టుకున్నారు. దాని నుంచి నీళ్లు ఎంత దూరం చిమ్మేవో అంతవరకే ఫెయిర్‌వే పచ్చగా ఉండేది, ఆ పైన ఎండి గోధుమరంగుకు తిరిగి, చివరికి ఇసుకలో కలిసిపోయేది. అదే కొలతగా తీసుకున్నారు. సుమారు 35 ఎకరాల పచ్చిక పీకేశారు. 1,150 స్ప్రింక్లర్లలో 450 మాత్రం ఉంచారు. పొడుగు గడ్డి అనేదే తీసేసి రెండే ఎత్తులు పెట్టారు, గ్రీన్ ఒకటి, మిగతాదంతా ఒకటి. ఫెయిర్‌వే పక్కన ఇసుక, వైర్‌గ్రాస్ కుచ్చులు, పైన్ సూదులు. బంతి అక్కడికి పోతే కుచ్చు కింద ఇరుక్కుందో, ఇసుకలో చక్కగా కూర్చుందో వెళ్లి చూసేదాకా తెలియదు.

ఇంత శ్రమపడి వెనక్కి తెచ్చిపెడితే మనవాళ్లు ఏం చేస్తున్నారు? పద్దెనిమిదో గ్రీన్ దగ్గర పేన్ స్టీవర్ట్ విగ్రహం ఉంది. 1999 యూఎస్ ఓపెన్ ఆఖరి హోల్‌లో పదిహేను అడుగుల పట్ వేసి, ఫిల్ మికెల్సన్ మీద ఒక్క దెబ్బ తేడాతో గెలిచి, కాలు వెనక్కి చాపి పిడికిలి ముందుకు విసిరినప్పటి భంగిమ. కొన్ని నెలలకే పాపం విమాన ప్రమాదంలో పోయాడు. ఆ విగ్రహం పక్కన అదే భంగిమలో ఫొటో దిగడానికి వరస కడతారు. దిగండి, తప్పులేదు. దగ్గర్లోనే రాస్ విగ్రహం కూడా ఉంది. దాని ముందు నిలబడి ఈయనెవరని అడిగిన కుర్రాడు ఇంతవరకు నాకు తగల్లేదు.

2014లో మార్టిన్ కైమర్ ఇక్కడ యూఎస్ ఓపెన్ గెలిచాడు, రెండో స్థానంలో ఉన్నవాళ్లకు ఎనిమిది దెబ్బలు ముందు. గ్రీన్ బయట ఎక్కడెక్కడి నుంచో పట్టర్‌తోనే తోశాడు. ప్రపంచమంతా చూసింది. దానికన్నా పెద్ద పాఠం ఎవరు చెప్పగలరు? మర్నాడు మా కోర్సు మీద చూస్తే పల్లంలోంచి వెడ్జ్ లేపేవాళ్లే అందరూ. సగం బంతులు వాలు ఎక్కలేక కాళ్ల దగ్గరికే తిరిగొస్తున్నాయి, మిగతా సగం గ్రీన్ దాటి అవతలి పల్లంలో పడుతున్నాయి. యూట్యూబ్‌లో వెడ్జ్ పాఠాలకు కొదవ లేదు, పట్టర్‌తో తోయడం నేర్పేవాడికి చూసేవాళ్లు ఉండరు కాబోలు.

గ్రీన్ల వేగం గురించి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆయన 1935లో ఓక్‌మాంట్‌లో యూఎస్ ఓపెన్ చూసి, గ్రీన్లు మితిమీరిన వేగంగా ఉన్నాయని నిరూపించడానికి ఒక చిన్న కర్రపలక చేశాడు. బంతిని దాని గాడిలో పెట్టి మెల్లగా ఎత్తితే అది దొర్లి ఎంత దూరం పోతుందో అదే ఆ గ్రీన్ వేగం. 1970ల్లో యూఎస్ గోల్ఫ్ సంఘం దాన్ని తీసుకుని దేశమంతా కొలిచింది. అప్పుడు సగటు ఆరున్నర అడుగులు. ఇప్పుడు మామూలు క్లబ్బుల్లోనే పది, పదకొండు. పెద్ద పోటీల్లో పన్నెండు, పదమూడు. మితిమీరిన వేగాన్ని పట్టుకోవడానికి పుట్టిన పలక, మా గ్రీన్ మీ గ్రీన్‌కన్నా వేగం అని గొప్పలు చెప్పుకోవడానికి పనికొస్తోంది. ఆ పలకను చేసినవాడి ఉద్దేశం ఏమిటి, దానితో వీళ్లు చేస్తున్నదేమిటి!

దీనివల్ల రాస్‌కు జరిగిన అన్యాయం చాలామందికి తెలియదు. ఆయన గ్రీన్లు మలిచింది నెమ్మదిగా దొర్లే గడ్డికి. అప్పటి వేగానికి ఆ వాలు సరిగ్గా సరిపోయేది. బంతి వంపు తిరిగేది, కానీ ఆగేది. అదే వాలు మీద గడ్డిని గుండు గీసినట్టు కోస్తే బంతి ఆగదు. అప్పుడు జెండా పెట్టడానికి గ్రీన్‌లో ఏ మధ్యనో కాస్త చదునున్న నాలుగు చోట్లే మిగులుతాయి. ఆయన అంచుల్లో దాచిపెట్టిన మూలలన్నీ, గ్రీన్‌లోకెల్లా మంచి మూలలన్నీ, వాడకుండా పడి ఉంటాయి. లేదంటే వేగం కోసం వాలునే తగ్గించేస్తారు, ఎన్నో చోట్ల అదే చేశారు కూడా. ఒక్క రెండడుగుల వేగం తగ్గించుకుంటే పోయేదేముంది? ఆట త్వరగా సాగుతుంది, గడ్డి బతుకుతుంది, నీళ్లు మిగులుతాయి, రాస్ గీసినది గీసినట్టు ఉంటుంది.

నడక ఇంకొకటి. రాస్ కోర్సులో గ్రీన్ దిగి నాలుగడుగులు వేస్తే తర్వాతి టీ వస్తుంది. నడిచే మనిషి కోసం కట్టిన కోర్సు అది. ఎక్కుతూ దిగుతూ పోతుంటే పాదాలకే వాలు తెలుస్తుంది, కంటికన్నా ముందు. కార్టులో కూర్చున్నవాడికి ఆ సమాచారం అందదు. దారి మీద ఆపి, చేతికందిన రెండు క్లబ్బులు పట్టుకుని బంతి దగ్గరికి పరుగెత్తి, తెచ్చింది తప్పయితే అదే కొట్టేసి మళ్లీ పరుగెత్తడం. బయటికి చూపు పోదు, తెరలో కోర్సు బొమ్మ చూసుకుంటూ కూర్చుంటారు. ఆరోగ్యం బాగోనివాళ్ల సంగతి వేరు. పాతికేళ్ల వయసులో మారథాన్ పరుగెత్తే పిల్లలు ఇక్కడ నడవమంటే మొహమొహాలు చూసుకుంటున్నారు.

కేడీల గురించి ఒక మాట. విల్లీ మెక్రే అనే ఆయన 1943లో, పదేళ్ల వయసులో పైన్‌హర్స్ట్‌లో సంచి భుజానికెత్తుకున్నాడు. 1951 రైడర్ కప్‌లో కేడీగా పనిచేశాడు. డెబ్బై ఏళ్లకు పైగా ఆ నేల మీదే నడిచి 2018లో పోయాడు. ఆ గ్రీన్లు ఎటు వాలతాయో ఆయనకన్నా తెలిసినవాళ్లు ఉంటారా? ఆయన మొదలుపెట్టిన కాలంలో నల్లజాతి కేడీలు ఆ సంచి మోయాలే తప్ప అక్కడ మామూలుగా ఆడనిచ్చేవారు కాదు. ఆ రోజులు పోయినందుకు నేనేం బాధపడను. ఆ మనుషులు కళ్లలో దాచుకున్న చదువు పోతున్నందుకు బాధపడతాను. ఇప్పటి కుర్రాడికి గ్రీన్ వాలు చెప్పేది ఫోన్‌లో రంగురంగుల బాణాల పటం.

ఈ మధ్య కొత్తగా వచ్చిందింకోటి. గ్యారేజీలో తెర కట్టుకుని, దాని మీద పైన్‌హర్స్ట్ రెండో నంబర్ వేసుకుని ఆడేస్తున్నారు. "నిన్న రాత్రి రెండో నంబర్‌లో 74 కొట్టాను పెదనాన్నా" అన్నాడు మా తమ్ముడి కొడుకు. చాప మీద నిలబడి, ఎప్పుడూ చదునుగా ఉండే చోటి నుంచి. రెండో నంబర్‌లో చదునైన నిలువు జాగా ఎంతుందో వాడికి తెలుసా? ఒక కాలు ఎత్తున, ఒక కాలు పల్లాన, బంతి వైర్‌గ్రాస్ పక్కన. 2024లో బ్రైసన్ డిషాంబో పద్దెనిమిదో హోల్‌లో యాభై గజాల పైబడిన బంకర్ దెబ్బ నాలుగడుగుల దాకా తెచ్చి యూఎస్ ఓపెన్ గెలిచాడే, ఆ దెబ్బకు ముందు ఆయన చెట్టు కింద వేళ్ల పక్కన ఎలా మెలికలు తిరిగి కొట్టాడో చూడలేదా? తెర మీద ఆ వేరు ఉండదు.

ఇక మన సంఘాలవాళ్లు నిధుల కోసం పెట్టే పోటీలు. మంచి పనికి పెడుతున్నారు, సంతోషం. కానీ అన్నీ స్క్రాంబులే. నలుగురూ కొట్టడం, అందులో బాగా పడినదాని దగ్గరికి వెళ్లి మళ్లీ నలుగురూ కొట్టడం. ఎవడి తప్పు వాడు మోయనక్కర్లేదు. రాస్ కోర్సు మీద ఆ ఆట పెడితే ఆ కోర్సు నోరు కట్టేసినట్టే. తప్పు చోట పడిన బంతి దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి ఎలా బయటపడాలా అని తల గోక్కోవడంలోనే ఆ కోర్సు మాట్లాడుతుంది.

పైన్‌హర్స్ట్ ఖరీదైపోయింది, నిజమే. ఒక రౌండుకు వందల డాలర్లు పోసి, జీవితంలో ఒక్కసారి వచ్చి, ఫొటో దిగి వెళ్లిపోతే రాస్ ఏం అర్థమవుతాడు? ఒకే గ్రీన్‌ను గాలి మారినప్పుడు, వాన పడ్డాక, ఎండాకాలంలో నేల గట్టిపడ్డాక మళ్లీ మళ్లీ చూస్తేనే ఆయన బుర్ర తెలుస్తుంది. దానికి పైన్‌హర్స్టే అక్కర్లేదు. మిడ్ పైన్స్ 1921 నాటిది. నన్నడిగితే నడిచి ఆడటానికి దానికన్నా సుఖమైనది ఈ చుట్టుపక్కల లేదు. కైల్ ఫ్రాంజ్ 2013లో దాని ఇసుకను మళ్లీ బయటికి తీశాడు. రోడ్డు దాటితే పైన్ నీడిల్స్, నాలుగుసార్లు మహిళల యూఎస్ ఓపెన్ జరిగిన చోటు. 1996లో అనికా సోరెన్‌స్టామ్ అక్కడే గెలిచింది. అందరికన్నా దూరం కొట్టేవాళ్లు కాక, అందరికన్నా తెలివిగా చూసేవాళ్లు గెలిచే కోర్సు అది. మన ఆడపిల్లలకు ఆట నేర్పేవాళ్లు ముందు అక్కడికి తీసుకెళ్లండి.

అవీ ఖరీదనిపిస్తే ఊరి డబ్బుతో నడిచే కోర్సులున్నాయి. యాష్‌విల్ మునిసిపల్ 1927లో వచ్చింది, రాస్‌దే. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపానుకు స్వానొనోవా నది పొంగి ముందు తొమ్మిది హోల్స్ మీద పారింది. రిసార్టు కోర్సుల్లో ఒక బంకర్ మారితే పత్రికలన్నీ రాస్తాయి. సామాన్యులు ఆడుకునే రాస్ కోర్సు సగం మునిగితే మన గోల్ఫ్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక్కరు ఆ మాట ఎత్తలేదు.

విల్మింగ్టన్ మునిసిపల్ కూడా రాస్‌దే, యాష్‌విల్ కన్నా ఒక ఏడాది ముందుది, 1926. ఊళ్లోవాళ్లు పని అయ్యాక సంచి భుజాన వేసుకుని నడిచి ఆడుకునే కోర్సు. 2014లో జాన్ ఫోట్ దాని గ్రీన్లను పాత కొలతలకు తెచ్చాడు. అంచులు మళ్లీ బయటికి వచ్చాయి, మూలలు మళ్లీ దొరికాయి. పైన్‌హర్స్ట్‌లో ఒక్క రౌండుకయ్యే డబ్బుతో ఇక్కడ ఎన్నో రౌండ్లు ఆడుకోవచ్చు. గ్రీన్ల వేగం కూడా మనిషి వేగమే. బంతి వంపు తిరుగుతుంది, ఆగుతుంది.

మా తమ్ముడి కొడుకును, వాడి స్నేహితుల్ని వచ్చే శనివారం అక్కడికే రమ్మన్నాను. లేజర్లు కారులోనే ఉంచాలని, కార్టులు తీసుకోకూడదని ముందే చెప్పాను. ఒక్కొక్కరు అయిదు క్లబ్బులే తేవాలి, అందులో ఏడో నంబర్ ఐరన్ ఉండి తీరాలి. "అయిదింటితో ఎలా పెదనాన్నా?" అన్నాడు వాడు. మొదటి గ్రీన్ ముందున్న పొట్టి గడ్డి దగ్గర నిలబెట్టి ఎలాగో చూపిస్తాను.